సైడ్‌బోర్డుకి కుడిచెయ్యి ఎటు?

మా వడ్రంగి కార్ఖానాలో చెక్క సామానుకి కూడా మనిషికి ఉన్నట్టే కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఉంటాయి. ఇది మా మామగారు పెట్టిన పద్ధతి. మీరు బీరువాకి ఎదురుగా నిలబడితే మీ కుడిచేతి వైపు ఉండేది దాని ఎడమచెయ్యి. ఎందుకీ తంటా అంటారా? పనిలో ఉన్న సామాను కాసేపు బోర్లా పడుకుంటుంది, కాసేపు తలకిందులుగా నిలబడుతుంది, చుట్టూ తలా ఒక పక్కన ఉంటాం. నా కుడి, నీ కుడి అని వాదులాడుకుంటూ కూర్చుంటే ఒక్క తలుపు కూడా బిగించలేం. కాబట్టి దాని కుడి దానిదే. బయటివాళ్ళు వచ్చి కుడి అంటే వాళ్ళ కుడి గనక, దాన్ని మా భాషలోకి తిప్పుకోవాలి. ఈ గొడవంతా ఆ తిప్పుకోవడం దగ్గరే వచ్చింది.

గొడవంటే చిన్నదనుకునేరు. ఒక మనిషి తన ఇంట్లో తను ఉంటుందా, బొంగరంలా తెచ్చి ఇంకొకరి ఇంట్లో తిప్పుతారా అన్నంత గొడవ.

ఆవిడ లెక్కల టీచరు. మా వీధి చివర ఇల్లు. నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పింది, నాకు రాలేదు, అది ఆవిడ తప్పు కాదు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. ఈ మధ్య చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు కిటికీ ఎక్కడుందో, దీపం వెలుగుతోందో లేదో, అంతవరకే తెలుస్తుంది. అయినా ఇంట్లో గిరగిరా తిరిగేస్తుంది. చేత్తోనే చూస్తుంది. తలుపుకి ఇంత దూరంలో కుర్చీ, కుర్చీ పక్కన బల్ల, బల్ల వెనక గోడకి సైడ్‌బోర్డు. అన్నీ ఆ సైడ్‌బోర్డులోనే. పళ్ళేలు, చెంచాలు, మందులు, తాళాలు, కత్తెర, సూదీ దారం. కుడివైపు సొరుగులు, ఎడమవైపు తలుపున్న అర. అంటే ఆవిడ కుడి, ఆవిడ ఎడమ.

మొన్నామధ్య వాళ్ళింట్లో నీళ్ళ పైపు పగిలింది. ఆవిడ ఆసుపత్రికి కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళిన రోజే పగలాలా, గోరుచుట్టు మీద రోకటి పోటు. తిరిగొచ్చేసరికి సైడ్‌బోర్డు అడుగు నానిపోయి ఉబ్బిపోయింది. తోడొచ్చిన మేనకోడలు దాన్ని చూసి, ఇంకెందుకులే అని పాత సామాన్లవాడికి ఇచ్చి పంపేసింది. నన్ను పిలిస్తే బాగుచేసి ఇద్దును కదా? అడుగు చెక్క మారిస్తే మనవల కాలం దాకా ఉండేది. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ మేనకోడల్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు. ఆ పిల్ల చెడ్డది కాదు, భయపడింది. అంతకు ముందు ఒకసారి అత్త స్టవ్వు ఆర్పడం మర్చిపోయింది. అప్పట్నుంచి నా దగ్గరికి వచ్చెయ్ అని ఒకటే పోరు. టీచరమ్మ రానంటుంది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం మేనకోడలు భోజనానికి వస్తుంది. అత్త ఒక్కతే, ఎవరి సాయం లేకుండా, బల్ల మీద అన్నీ సర్ది వడ్డించాలి. వడ్డిస్తే ఇక ఆ మాట ఎత్తదు. వడ్డించలేకపోతే టీచరమ్మ ఇంటికి తాళం వేసి మేనకోడలి దగ్గరికి వెళ్ళాలి.

"పాతది ఎలా ఉందో అలాగే కావాలి," అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నా చేతికి కొత్త పాఠాలు నేర్పే ఓపిక లేదమ్మాయ్."

పాత దానిలాగే చెయ్యడమంటే మాటలా? మా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ సైడ్‌బోర్డంటే ఫోన్లో బొమ్మ. గోడకి వేలాడే నున్నటి పెట్టె, కాళ్ళుండవు, పిడులుండవు, ఎక్కడ నొక్కాలో ఇంట్లోవాళ్ళకే తెలీదు. అదేం సైడ్‌బోర్డు, మొహం లేని మనిషి. అసలు ఇది మొదట్లో సామానే కాదు. దొరల పెద్ద ఇళ్ళల్లో భోజనాల గదిలో గోడ పక్కన వేసిన బల్ల, వడ్డించేవాళ్ళు గిన్నెలు దించుకోవడానికి. తర్వాత ఎవరికో తోచి దానికి అటొకటి ఇటొకటి పెట్టెలు నిలబెట్టారు. ఒకదాంట్లో పళ్ళేలు వెచ్చగా ఉంచుకునేవాళ్ళు, ఒకదాంట్లో చెంచాలు కడుక్కోవడానికి నీళ్ళు. ఆ తర్వాత మూడూ కలిసి ఒక్కటయ్యాయి. సన్నకాళ్ళు వచ్చాయి, మధ్యలో పొట్ట ముందుకొచ్చింది, వెనకాల ఇత్తడి కమ్మీ లేచింది. ఇంకొన్నాళ్ళకి డబ్బున్నవాళ్ళకి అదీ చాల్లేదు. అద్దాలు, చెక్కుడు పళ్ళు, పక్షులు, చచ్చిన కుందేళ్ళు కూడా చెక్కించుకున్నారు, అన్నం తినేచోట. దానికి విసుగొచ్చి తర్వాతివాళ్ళు ఆ చెక్కుళ్ళన్నీ తీసేసి, పొట్టిగా పొడుగ్గా, పక్కకి జరిగే తలుపులతో చేశారు. చివరికి ఇప్పటి నున్నటి పెట్టెలు. ఇదంతా మా మామగారు పాలిష్ రుద్దుతూ చెప్పేవారు. ఆయనకి ఏ కాలపు సామాను మీదా కోపం లేదు. నాకుంది.

మా ఆయనకి లేదు. ఆయనకి అసలు దేనిమీదా కోపం రాదు, నిమ్మకు నీరెత్తినట్టుంటారు. నొక్కితే తెరుచుకునే తలుపులు పెడదాం, తేలిక కదా అన్నారు. చేత్తో చూసే మనిషికి చేతికి తగిలేది ఏదో ఒకటి ఉండాలి కదండీ, నున్నటి గోడని తడుముకుంటూ కూర్చుంటుందా అని నేను ఎగిరాను. సరే అన్నారు. ఆయన సరే అంటే నాకు ఇంకా కోపమొస్తుంది. పోట్లాడితే తోడుగా పోట్లాడాలి గాని. మొత్తానికి సొరుగులకి ఇత్తడి కడియాలు, అరకి గుండ్రటి పిడి, మధ్యలో ముందుకొచ్చిన పొట్ట, వెనక కమ్మీ, అన్నీ ఆవిడ వేళ్ళతో గాల్లో గీసి చూపించినట్టే కుదిరాయి.

ఆవిడ చెప్పింది విన్నది నేను. వచ్చి మా ఆయనకి చెప్పింది నేను. ఆవిడ సొరుగులు కుడికి అంది. నేను దారిలోనే దాన్ని మన మాటలోకి తిప్పుకుని, "సొరుగులు ఎడమకి" అని చెప్పాను. బుద్ధిమంతురాలిని కదా. ఆయనేమో ఇది టీచరమ్మ మాట, మా ఆవిడ ఉన్నదున్నట్టు తెచ్చింది అనుకుని, ఆయన వంతుకి ఆయన ఇంకోసారి తిప్పారు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఇద్దరం జాగ్రత్తపరులం. ఒక్కరు తెలివి తక్కువవాళ్ళయినా సరిపోయేది. సామాను కార్ఖానాలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలీలేదు. తలుపు విడిగా, సొరుగులు విడిగా పాలిష్ పట్టాను, బిగించాక అది గోడవైపు తిరిగి ఉంది, వీపు పని మిగిలిందని.

శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో దించాక, గుడ్డతో తుడుస్తూ కుడిచేతి వైపు సొరుగు లాగబోయాను. నా చేతికి గుండ్రటి పిడి తగిలింది. సొరుగులు ఉండాల్సిన చోట అర ఉంది.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త చెక్క వాసన పీలుస్తూ, పెళ్ళివారింటికి వచ్చినట్టు నవ్వుతోంది. పళ్ళేలు అరలో పెట్టమ్మాయ్, చెంచాలు పై సొరుగులో, మందులు కింద సొరుగులో అని ఒక్కొక్కటీ చెబుతుంటే, నేను నోట్లో నాలుక లేనిదానిలా ఒక్కొక్కటీ పెట్టాను. నా బతుకులో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. ఆవిడ లేచి పైన చెక్క మాత్రం అరచేత్తో నిమిరింది. బాగా చేశారు, నేను కాసేపు నడుం వాల్చుకుంటాను, మీరు వెళ్ళండి అంది.

వంటగది పక్కకి వెళ్ళి మా ఆయన మీద పడ్డాను. నువ్వు ఎడమ అన్నావుగా అన్నారు. నేను మన ఎడమ అన్నానండీ అన్నాను. నాకేం తెలుసు అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. మళ్ళీ కట్టాలంటే మొత్తం ఊడదియ్యాలి, ఆదివారం లోపల అయ్యే పని కాదు. ఇప్పుడే చెప్పేస్తానని నేను కదిలాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ చెప్తే ఆవిడకి నిద్ర పట్టదు, భయంతో ఇంకా తడబడుతుంది, సోమవారం తీసుకెళ్ళి తిప్పి కట్టిద్దాం అన్నారు. ఆయన చెప్పిందే సబబనిపించింది. అదే నా ఖర్మ, ఆయన మాట ఎప్పుడు వినాలో నాకు తెలీదు.

ఆదివారం పొద్దుట్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పాలిష్ డబ్బా మూత తీశాను, పెట్టాను. ఊడ్చిన చోటే ఊడ్చాను. ఆవిడ చెయ్యి కుడికి వెళ్తుంది, కడియం దొరకదు, తడుముకుంటుంది, మేనకోడలు చూస్తుంది. ఎన్నిసార్లు అనుకున్నా కథ అక్కడికే వచ్చి ఆగుతోంది. సొంత ఇంట్లోంచి మనిషిని గెంటేసేది నేను పాలిష్ పట్టిన చెక్కేనా అనుకున్నాను. వెళ్ళొద్దు, వెళ్ళి ఏం చేస్తావు అన్నారు మా ఆయన. పాలిష్ ఒకచోట తేలింది, రుద్దొస్తాను అని గుడ్డ పట్టుకుని బయల్దేరాను. తలుపు దాకా వచ్చి, తిన్నగా నిలబడి చూసిరా చాలు అన్నారు. తిన్నగా నిలబడటం నాకు మా అమ్మ నేర్పలేదు.

వెళ్ళేసరికి మేనకోడలు బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతి గోళ్ళు కొరుక్కుంటోంది, పాపం, తనకీ స్థిమితం లేదు. నన్ను చూసి, ఎవరూ సాయం చెయ్యకూడదన్నాం కదా అంది. సాయం కాదమ్మా, ఇది మా పని అని సైడ్‌బోర్డు పక్కన చేరి, మెరుస్తున్న చోటనే రుద్దడం మొదలుపెట్టాను. లోపల్నుంచి టీచరమ్మ, ఎవరది, చిటపటేనా అంది. అది నా పేరు. బడిలో ఆవిడే పెట్టింది. అవునండీ అన్నాను.

వంటగదిలోంచి కూర గిన్నె తెచ్చింది. బల్ల అంచుని వేలితో తాకి, మధ్యలో పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. వెళ్ళి అన్నం తెచ్చింది. వెళ్ళి నీళ్ళ జగ్గు తెచ్చింది. గాజుది. జగ్గు చేత్తో పట్టుకునే, పళ్ళేల కోసం సైడ్‌బోర్డు వైపు తిరిగింది.

ఇక నావల్ల కాలేదు. ఆవిడ ఎడమకి వెళ్తుంది, అక్కడ సొరుగులుంటాయి, అయిపోయింది అనుకున్నాను. పళ్ళేలు తీసి చేతికి అందేలా పైన పెట్టేస్తే తగిలిపోతాయి, మేనకోడలికి కనపడకుండా నా ఒళ్ళు అడ్డం ఉంది, ఎవరికీ తెలీదు. గబుక్కున వంగి కుడివైపు అర తలుపు తెరిచాను.

టీచరమ్మ ఎడమకి వెళ్ళలేదు. తిన్నగా, కొంచెం కూడా తటపటాయించకుండా, కుడికే వచ్చింది. తెరిచిన తలుపు అంచు ఆవిడ మోకాలికి ఠపీమని తగిలింది. జగ్గు జారింది.

గాజు పగిలిన చప్పుడుకి మేనకోడలు కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "చూశావా అత్తా, చూశావా, నేను చెబుతూనే ఉన్నాను," అని ఏడుస్తూ వచ్చి ఆవిడ భుజాలు పట్టుకుంది. నీళ్ళు నా పాదాల కిందికి వచ్చాయి. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. అయ్యవారు తన పని తను చేసుకుంటుంటే మధ్యలో దూరి కోతిని చేసిన ఘనత మాత్రం నాదే.

టీచరమ్మ మోకాలు రుద్దుకోలేదు. నిలబడిన చోటే నిలబడి అడిగింది.

"ఆ తలుపు ఎవరు తెరిచారు?"

"నేనే," అన్నాను. "కుడీ ఎడమా తారుమారయ్యాయమ్మా. మేమే తప్పు కట్టాం. మీకు దొరకవేమోనని..."

"తారుమారయిందని నిన్న మీరు గుమ్మం దాటగానే తెలిసింది. సాయంత్రం దాకా తీసి పెట్టి, తీసి పెట్టి, నేర్చుకున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు, బడిలో నేను తప్పు లెక్క చూపించినప్పుడు ఉండే నీరసం ఉంది. "అన్నీ నేర్చుకున్నాను. నువ్వొచ్చి తలుపు తెరిచి పెడతావని మాత్రం నాకెలా తెలుస్తుందమ్మాయ్?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆవిడ చెయ్యి చాపి, తలుపు అంచు వెతికి, మూసింది. మేనకోడల్ని పోయి కూర్చోమంది. నన్ను కూడా కూర్చోమంది. గాజు తుడుస్తానన్నాను. వద్దంది. తనే వెళ్ళి చీపురు తెచ్చింది, వంగి, తడిసిన నేల మీద గాజు గలగలలాడే చోటల్లా చెవితో వెతుక్కుంటూ ఊడ్చింది. ఒక పెంకు కుర్చీ కాలు కింద మిగిలింది. నాకు కనిపిస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టి గట్టిగా బిగించుకున్నాను. మేనకోడలు కూడా దాన్నే చూస్తోంది. టీచరమ్మ ఊడ్పు ఆపి, గుడ్డ తడిపి నేలంతా ఇంకోసారి తుడిచింది. ఆ పెంకు గుడ్డలోకి వచ్చేసింది.

తర్వాత మళ్ళీ మొదట్నుంచి. కుడికి వచ్చి అర తెరిచింది, పళ్ళేలు తీసింది, మూసింది. ఎడమకి వెళ్ళి పై సొరుగు లాగింది, చెంచాలు తీసింది, మూసింది. ఇంకో జగ్గు, స్టీలుది, నింపి తెచ్చింది. గ్లాసులో వేలి కణుపు ఆనించి, అక్కడిదాకా నీళ్ళు పోసింది. నాకు కూడా ఒక పళ్ళెం పెట్టింది. నాకు వద్దన్నాను. తిను, చిటపటలకి కూడా ఆకలి వేస్తుంది అంది. మేనకోడలు మొదటిసారి నవ్వింది.

తిన్నాం. కూరలో ఉప్పు సరిగ్గా ఉంది. మేనకోడలు తింటూ తింటూ అత్త చేతులనే చూస్తోంది. ఆ పిల్ల కళ్ళు మళ్ళీ నిండాయి గానీ ఈసారి ఏడుపు వేరు. అత్తా, నువ్వు ఇక్కడే ఉండు, నేను ఇక ఆ మాట ఎత్తను అంది. టీచరమ్మ ఆ పిల్లకి ఇంకొంచెం కూర వేసింది. ఇంటికెళ్ళి మా ఆయనకి ఎలా చెప్పాలో, ఎక్కడ కాస్త కలిపి చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను.

మేనకోడలు చెయ్యి కడుక్కుని, ఒక్క నిమిషం అని ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. గొంతు తగ్గించే మాట్లాడింది. నాకు సగమే వినపడింది. టీచరమ్మకి మొత్తం వినపడింది, ఆవిడ చెవుల సంగతి ఆ పిల్ల మర్చిపోయింది. తిరిగొచ్చి కూర్చోగానే టీచరమ్మ అడిగింది.

"ఏ వ్యానమ్మా, రేపు రావద్దన్నావు?"

మేనకోడలు నావైపు చూసింది. చివరికి ఆ పిల్లే చెప్పింది.

"నీ సామాను తీసుకెళ్ళడానికి. మనం ఒప్పందం అనుకున్న రోజే మాట్లాడి పెట్టాను అత్తా. నువ్వు చెయ్యలేవనుకున్నాను."

"నేను సైడ్‌బోర్డు చెయ్యమని వీళ్ళకి చెప్పకముందేనా?"

"ముందే."

సరేలే అంది టీచరమ్మ. నవ్వింది కూడా. వ్యాను రావడం లేదు కదా, ఇంకేం అంది. మేనకోడలు ఆవిడ చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలీక ఆగిపోయింది. టీచరమ్మ మంచినీళ్ళ కోసం చెయ్యి చాపింది. గ్లాసు తను పెట్టుకున్న చోటే ఉంది, పళ్ళేనికి అవతల, ఎవరూ ముట్టుకోలేదు. జగ్గు పగిలినప్పుడు కూడా తడబడని ఆ చెయ్యి దాని పక్కనుంచి పోయింది. ఇటొచ్చింది, మళ్ళీ పోయింది. గ్లాసు ఆవిడకి దొరకలేదు.